మొదటి గ్లాసుకు ముందే
(యౌవనులను మత్తునుండి కాపాడుటకు సంఘములు చేసిన ప్రయత్నముల చరిత్ర)

మన అధ్యక్షఖండము నూరు సంవత్సరములు నిండించుకొన్న ఈ శుభ సమయమున గుడులను గూర్చి, బడులను గూర్చి, ఆసుపత్రులను గూర్చి పెద్దలు అనేకులు వ్రాయుచున్నారు. నేను మన ఇండ్ల ముంగిటనే నిలిచియున్న ఒక ఆపదను గూర్చి, దానిని ఎదుర్కొనుటకు విశ్వాసులు, సామాన్య ప్రజలు చేసిన ప్రయత్నములను గూర్చి కొంత మనవి చేయదలచితిని. అది మన యౌవనులను పట్టి పీడించుచున్న సారా, పొగాకు, గంజాయి మొదలగు మత్తు పదార్థముల సంగతి.

ముందుగా నా తప్పిదము ఒకటి ఒప్పుకొనవలెను. వేదాంత కళాశాల విడిచి మొదటి పాస్టరేటుకు వెళ్లిన ఏట, యౌవనుల కూటములో ముప్పది యిద్దరి చేత మద్యము ముట్టమని ప్రతిజ్ఞాపత్రముల మీద సంతకములు చేయించితిని. ఆ పత్రములను అద్దము బిగించి గుడిలో వ్రేలాడదీసితిమి. అందరును మెచ్చుకొనిరి. ఆ సంతకములు చేసిన వారిలో ఒకడు ముప్పది యేండ్లు నిండక మునుపే కాలేయము చెడి మరణించెను. భూస్థాపన ఆరాధన ముగిసిన తరువాత అతని తల్లి నాతో, "అయ్యగారూ, సంతకం చేయించారు గానండీ, సాయంత్రాలు వాడెక్కడికి పోతున్నాడో ఎవరూ అడగలేదు" అన్నది. ఆ మాట నన్ను ఈ చరిత్ర చదువునట్లు చేసెను.

ఇంగ్లండు దేశములో ప్రెస్టన్ పట్టణమున 1832లో జోసెఫ్ లివ్సీ అను జున్ను వర్తకుడును, అతని స్నేహితులు ఆరుగురును మద్యమును పూర్తిగా విసర్జించుదుమని ప్రతిజ్ఞ చేసిరి. అయితే త్రాగుడు మరిగిన పెద్దలను మాన్పించుట కష్టమని పని చేయగా చేయగా తెలిసినది. 1847లో లీడ్స్ నగరమున జాబెజ్ టన్నిక్లిఫ్ అను బాప్టిస్టు బోధకుడును, ఆన్ జేన్ కార్లైల్ అను ఐర్లండు దేశపు విధవరాలును కలిసి పిల్లల కొరకే ఒక సమాజమును స్థాపించిరి. దాని పేరు బాండ్ ఆఫ్ హోప్, అనగా ఆశాదళము. మొదటి గ్లాసు త్రాగక మునుపే బాలబాలికలను చేరదీయవలెనన్నది దాని మూల సూత్రము. పందొమ్మిదవ శతాబ్దము ముగియునప్పటికి దాని సభ్యుల సంఖ్య సుమారు 30 లక్షలకు చేరినదని చెప్పుదురు.

ఈ దళము ఇంత విస్తరించుటకు కారణమేమి? పిల్లలు ప్రతిజ్ఞ చేసిన మాట నిజమే. అయితే ప్రతిజ్ఞతో వారిని ఇంటికి పంపివేయలేదు. వారము వారము సాయంకాలము కూటములుండెను. పాటలు నేర్పిరి, దీపపు బొమ్మల ప్రదర్శనలు చూపిరి, ఊరేగింపులు, విహారములు జరిపిరి. మద్యము శరీరమునకు ఏమి చేయునో పాఠములుగా బోధించిరి. పట్టణములలో కార్మికుల పిల్లలకు సాయంత్రము పోవుటకు వీధియే తప్ప మరియొక చోటు లేని కాలమది. సంఘము ఆ చోటు నిచ్చినది. నేను ప్రతిజ్ఞను మాత్రము తీసికొని సాయంకాలమును విడిచిపెట్టితిని.

మద్యనిషేధోద్యమముల వారు, బాలల క్షేమము కోరువారు చేసిన కృషి చట్టములలోను కనబడినది. బ్రిటన్‌లో 1908 నాటి బాలల చట్టము పదునారేండ్ల లోపు వారికి పొగాకు అమ్మరాదన్నది. 1923లో నాన్సీ ఆస్టర్ గారు పార్లమెంటులో నెగ్గించిన చట్టము పదునెనిమిదేండ్ల లోపు వారికి మద్యము అమ్మకమును నిషేధించినది.

ఇక మన దేశమునకు వత్తము. 1912లో డోర్నకల్ ప్రథమ బిషప్పుగా అభిషిక్తులైన వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు గ్రామ సంఘములు పోరాడవలసిన శత్రువులలో త్రాగుడును ఒకటిగా ఎంచిరి. 1937లో రాజాజీ ప్రభుత్వము సేలం జిల్లాలో మద్యనిషేధము ప్రారంభించి, 1938లో మన చిత్తూరు, కడప జిల్లాలకు వ్యాపింపజేసినది. మన కండ్లెదుట జరిగిన గొప్ప సంగతి నెల్లూరు జిల్లాలోనిది. 1991లో అక్కడ అక్షరాస్యతా ఉద్యమము సాగినప్పుడు, రాత్రి బడులలో స్త్రీలు చదివిన వాచకములో త్రాగుబోతు భర్త వలన నష్టపోయిన సీతమ్మ కథ యుండెను. అది తమ కథయే యని వారు గుర్తించిరి. 1992లో దూబగుంట గ్రామ స్త్రీలు సారా దుకాణమును మూయించిరి. ఆ నిప్పు ఊరూర రాజుకొన్నది. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలోను, అదే సంవత్సరము అక్టోబరు 1న రాష్ట్రమంతటను సారా నిషేధింపబడినది. 1995 జనవరి 16 నుండి సంపూర్ణ మద్యనిషేధము అమలైనది. అయితే 1997లో అది సడలిపోయినది. చట్టము వచ్చును, పోవును. ఖజానాకు రాబడి కావలసినప్పుడు అది బలహీనమగును. ఆ స్త్రీలు కలిసి కూర్చుండి చదువుకొనిన రాత్రి బడియే వారి బలమునకు మూలమని మనము మరువరాదు.

ఇటీవలి చరిత్రలో ఐస్‌లాండ్ అను చిన్న దీవి దేశము మనకు నేర్పునది చాల గలదు. 1998లో అక్కడ పదిహేను, పదహారేండ్ల పిల్లలలో నూటికి 42 మంది గడచిన నెలలో మద్యము త్రాగి మత్తులైనట్లు చెప్పిరి. 2016 నాటికి ఆ సంఖ్య 5కు తగ్గినది. దినదినము సిగరెట్టు కాల్చువారు 23 నుండి 3కు తగ్గిరి. ఎట్లు? పాఠశాలలలో పిల్లలను పేరు వ్రాయకుండ ప్రశ్నించి, ఫలితములను ఆయా ఊళ్ల తలిదండ్రులకే తెలిపిరి. ఆటలకు, సంగీతమునకు, చిత్రలేఖనమునకు ప్రభుత్వ ధనము వెచ్చించిరి. రాత్రివేళ పిల్లలు బయట తిరుగరాదని గంట నిర్ణయించిరి. తలిదండ్రులు ఒకరితో నొకరు ఒడంబడిక చేసికొని, తామే వీధులలో తిరిగి చూచిరి. ఉపన్యాసములకన్న పిల్లల సాయంత్రములు, తలిదండ్రుల సహవాసము ముఖ్యమని వారు కనుగొనిరి. ఆ తల్లి నాతో చెప్పినదియు ఇదియే గదా!

మన దేశములో 2003 నాటి చట్టము ప్రకారము పదునెనిమిదేండ్ల లోపు వారికి పొగాకు అమ్మరాదు. విద్యాసంస్థలకు నూరు గజముల లోపల అసలే అమ్మరాదు. మన బడుల గేటు నొద్ద నిలిచి ఆ నూరు గజములు కొలిచినవారు మనలో ఎందరు? పొగాకు బ్యారన్లలో కూలి చేసి పిల్లలను చదివించుకొన్న కుటుంబములును మన సంఘములలో గలవు. వారిని నిందించుట నా ఉద్దేశము కాదు. బిడ్డను కాపాడుటలో వారు మనకు ముందు నిలుతురని నా నమ్మకము.

రెండవ శతాబ్దములో అడుగిడుచున్న మన అధ్యక్షఖండమునకు నా మనవి యిది. ప్రతి పాస్టరేటులో గుడి ఆవరణ సాయంత్రము ఆరు నుండి ఎనిమిది వరకు తెరచియుండవలెను. వాలీబాలు, తబలా, హార్మోనియము, చదువుకొనుటకు దీపము ఉండవలెను. కులమతముల భేదము లేక వీధి పిల్లలందరును రావలెను. స్త్రీల మైత్రి సభ్యులు, సంఘ పెద్దలు వంతుల ప్రకారము అక్కడ ఉండవలెను. రాని బిడ్డ యింటికి మరునాడు ఒకరు వెళ్లవలెను. అప్పటికే అలవాటులో పడినవానిని సంఘములో నిందింపక, వైద్యుని యొద్దకు తోడు వెళ్లవలెను.

మా గుడిలో ఆ అద్దము పటమును నేను తీయలేదు. దాని క్రింద ఇప్పుడు ఒక హాజరు పట్టీ వ్రేలాడుచున్నది. సంతకము ఒక దినపు పని. హాజరు ప్రతిదినపు పని. ఈ రెండవ పనికి దేవుడు మన అందరికిని ఓపిక ననుగ్రహించును గాక.