మోటారు సైకిల్ ఇంజిన్ ఆయిల్: పరీక్ష, మార్పిడి

నాలుగు స్ట్రోకుల మోటారు సైకిల్ ఇంజిన్‌లో కదిలే భాగాల మధ్య రాపిడిని తగ్గిస్తూ, వాటి వేడిని కొంత తీసుకుపోతూ, మసినీ లోహపు రజనునూ తనలో కలుపుకునే కందెనను ఇంజిన్ ఆయిల్ అంటారు. కార్లలో గేర్‌బాక్స్ ఆయిల్ సాధారణంగా వేరుగా ఉంటుంది గాని, చాలా మోటారు సైకిళ్లలో ఇంజిన్, గేర్లు, క్లచ్ మూడూ ఒకే ఆయిల్‌లో తడుస్తూ పనిచేస్తాయి. అందువల్ల రాపిడిని మరీ తగ్గించే రసాయనాలు కలిసిన కారు ఆయిల్ పోస్తే క్లచ్ ప్లేట్లు జారి, ఇంజిన్ ఎంత రేగినా బండి లాగకపోవచ్చు. డబ్బాపై ఉండే జాసో ఎంఏ, ఎంఏ2 గుర్తులు ఆ ఆయిల్ తడి క్లచ్‌కు తగినదని తెలుపుతాయి. ఎంబీ గుర్తున్నది పొడి క్లచ్ ఉండే స్కూటర్లకు ఉద్దేశించినది. 10డబ్ల్యు-30 వంటి సంఖ్యలు చిక్కదనాన్ని సూచిస్తాయి: మొదటిది చలిలో, రెండవది ఇంజిన్ వేడెక్కాక. యమహా ఆర్ఎక్స్ 100 వంటి రెండు స్ట్రోకుల బండ్లలో ఆయిల్ పెట్రోలుతోపాటు కాలిపోతుంది కనుక వాటి పద్ధతి వేరు.

ఆయిల్ మట్టాన్ని చూడడం తేలికైన పనే అయినా ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. ఇంజిన్‌ను కొన్ని నిమిషాలు నడిపి, ఆపి, ఆయిల్ కిందికి దిగడానికి రెండు మూడు నిమిషాలు ఆగి, సమతలంపై బండిని నిటారుగా నిలిపి గేజ్ (ఆయిల్ కొలిచే పుల్ల) తీసి చూడాలి. సైడ్ స్టాండ్ మీద బండి ఎడమకు ఒరుగుతుంది కాబట్టి, గేజ్ కుడివైపు ఉన్న ఇంజిన్లలో ఆయిల్ ఉన్నదానికన్నా తక్కువగా కనిపించి, అవసరం లేకున్నా పోసేస్తారు. అలా గేజ్‌లోని పై గీత దాటిన ఆయిల్‌ను తిరిగే క్రాంక్ చిలికి నురగ చేస్తుంది, కొంత ఎయిర్ ఫిల్టర్‌లోకి చేరుతుంది. గేజ్‌ను తుడిచాక, హీరో స్ప్లెండర్‌లో మర తిప్పకుండా ఆనించి చూస్తారు. కొన్ని బండ్లలో బిగించి చూడాలి. ఈ తేడా కొలతనే మార్చేస్తుంది గనుక బండితో వచ్చిన పుస్తకం చెప్పిందే ప్రమాణం.

నల్లబడినంత మాత్రాన ఆయిల్ చెడిందని చెప్పలేం. మసిని పట్టి ఉంచడం దాని పనే. పాలు కలిపిన కాఫీ రంగుకు మారితే మాత్రం నీరు చేరినట్లు, వేళ్ల మధ్య మెరిసే రేణువులు తగిలితే లోపలి భాగాలు అరుగుతున్నట్లు అనుమానించాలి.

మార్చేటప్పుడు ఇంజిన్ గోరువెచ్చగా ఉంటే పలచబడిన ఆయిల్ డ్రెయిన్ బోల్ట్ విప్పగానే మడ్డితో సహా దిగిపోతుంది. ఆ బోల్ట్‌ను తిరిగి పెట్టేటప్పుడు కొత్త వాషర్ వేసి, మొదట చేత్తోనే మర ఎక్కించి, ఆ తర్వాతే పానా పట్టాలి. ఇంజిన్ అల్యూమినియం పెట్టెలోని మరలు అతిగా బిగిస్తే తెగిపోతాయి, ఆ మరమ్మతు ఆయిల్ ఖర్చును మించిపోతుంది. పాత ఆయిల్ కొంత లోపలే మిగులుతుంది కనుక డబ్బా మొత్తం ఒంపేయకుండా, చెప్పిన కొలతకు కాస్త తక్కువ పోసి, ఇంజిన్ నడిపి, మళ్లీ గేజ్ చూసి సరిచేయడం మంచిది.

వాడేసిన ఆయిల్‌ను చెదలు పట్టకుండా కలపకు పూయడం తెలుగునాట పాత అలవాటు. కాని వాడేసిన ఆయిల్‌లో భార లోహాలు, క్యాన్సర్ కారక పదార్థాలు ఉండవచ్చు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల పరిధిలోకి వచ్చే ఈ ఆయిల్‌ను మురుగు కాలువలోనో నేల మీదో పారబోయక, మూత ఉన్న డబ్బాలో పట్టి, శుద్ధికి పంపే సేకరణదారులకు చేర్చాలి.