అమెరికా మీద ఆళ్ళగడ్డలో ఒక బహస్

పోయిన నెల ఆళ్ళగడ్డలో మా ఆపా ఇంట్లో అఖీఖా దావత్ జరిగింది. బిర్యానీ, దాల్చా అయిపోయి పాన్‌లు పంచేసరికి అసర్ దాటింది. మగవాళ్ళంతా వరండాలో షత్రంజీ మీద చేరాం. అక్కడ మొదలైంది అమెరికా బహస్.

కారణం మా ఆపా కూతురు. నంద్యాలలో బీటెక్ చేసింది. ఎంఎస్‌కి అమెరికా నుంచి ఐ-20 వచ్చింది. ఖర్చు నలభై లక్షల దాకా అవుతుందట. అంటే దుల్హాభాయ్ ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టాలి. పైగా సూద్. ఆ మాట ఎత్తితే ఆయన ముఖం తిప్పుకుంటున్నాడు.

మా చిచ్చా నంద్యాల జిన్నింగ్ మిల్లులో ముప్పై ఏళ్ళు గుమాస్తాగా చేశాడు. ముందు ఆయనే అందుకున్నాడు. "ఆడ మెహనత్‌కి కదర్ ఉందిరా. గంటకింత అని లెక్కకట్టి ఇస్తారు. మన దగ్గర ఇషా దాకా పనిచేసినా సేఠ్ ముఖం చూడాల."

కువైట్‌లో పందొమ్మిదేళ్ళు డ్రైవర్‌గా చేసి వచ్చిన మా ఖాలా కొడుకు తల ఊపాడు. "ఖానూన్ ఉంది భాయ్ ఆడ. తెల్లోడైనా నల్లోడైనా ఒకటే ఖానూన్. కఫీల్ అనేవాడు ఉండడు. ఇన్సాఫ్ అంటే అదీ."

గడప లోపలి నుంచి ఆపా గొంతు వచ్చింది. "ఆదోని పిల్లను అప్పుడే మర్చిపోయినారా?"

కాసేపు ఎవ్వరూ మాట్లాడలేదు. తర్వాత అందరూ నావైపు చూశారు. ఇంట్లో తారీఖ్ పుస్తకాలు చదివేది నేనేనని వాళ్ళకో నమ్మకం. ఆ రోజు అరకొరగా చెప్పిన జవాబు ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను. మన ఇళ్ళలో చాలాచోట్ల ఇదే బహస్ నడుస్తూ ఉంటుంది కదా.

అమెరికాకీ మనకీ రిష్తా సాఫ్ట్‌వేర్‌తో మొదలైందనుకుంటాం. మన నల్లరేగడికి మాత్రం ఆ ముల్క్ ఖబర్ పత్తి ద్వారా ఎప్పుడో వచ్చింది. 1861లో అక్కడ ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య జంగ్ మొదలైంది. దక్షిణాది ఓడరేవులను ఉత్తరాది నౌకలు దిగ్బంధించాయి. ఇంగ్లండులో లాంకషైర్ మిల్లులకు పత్తి ఆగిపోయింది. వాళ్ళ చూపు హిందుస్తాన్ మీద పడింది. బొంబాయి వైపే కాదు, మన మద్రాసు ప్రెసిడెన్సీలో దత్తమండలాల పత్తికి కూడా ధర అమాంతం లేచింది. మన వైపు పత్తికి మద్రాసు బజారులో 'నార్తర్న్స్' అని ఒక పేరే ఉండేది. 1865లో జంగ్ ముగిసింది, ధర కూలింది. పత్తిని నమ్ముకుని అప్పు చేసినవాడు అప్పుతో మిగిలాడు. 1876లో పెద్ద కరువు వచ్చేసరికి మన జిల్లాల రైతు దగ్గర నిలదొక్కుకునే ఆసరా లేదు. కర్నూలు–కడప కాలువ అప్పటికే తవ్వి ఉన్నా కరువు ఆగలేదు.

చిచ్చా జిందగీ అంతా పత్తి తూకంలోనే గడిచింది కాబట్టి ఈ కథ ఆయనకు బాగా తలకెక్కింది. "అయితే ఆ జంగ్ దేనికి జరిగిందిరా?" అని అడిగాడు. గులామీ మీద అని చెప్పాను. అమెరికా పత్తి అంత చౌకగా ఉండేదంటే, దాన్ని ఏరినవాళ్ళకు తన్ఖా లేదు గనక. ఆఫ్రికా నుంచి ఓడల్లో తెచ్చిన మనుషులు, వాళ్ళ ఔలాద్. వాళ్ళలో మన కలిమా చదివినవాళ్ళు కూడా ఉన్నారన్న సంగతి మన పిల్లలకు ఎవరూ చెప్పరు. ఉమర్ ఇబ్న్ సయీద్ అనే ఆలిం ఉండేవాడు. ఇప్పటి సెనెగల్ ప్రాంతం ఆయనది. 1807లో ఆయన్ను పట్టుకుని చార్లెస్టన్ రేవులో అమ్మారు. 1831లో అరబీలో తన జీవితకథ రాసుకున్నాడు. ఆ చేతిరాత ప్రతి ఇప్పుడు వాషింగ్టన్‌లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉంది. ఆయన ఆజాదీ చూడకుండానే కన్నుమూశాడు.

మెహనత్‌కి కదర్ ఆ ముల్క్ మట్టిలో పుట్టలేదు చిచ్చా, కొట్లాడి తెచ్చుకున్నారు అని చెప్పాను. 1886 మే నెలలో షికాగో మజ్దూర్లు ఎనిమిది గంటల పని కోసం రోడ్డెక్కారు. హేమార్కెట్‌లో బాంబు, కాల్పులు, ఆ తర్వాత ఉరిశిక్షలు. మన ఊళ్ళలో మే 1న ఎర్రజెండా ఎగరేసేది ఆ షికాగో యాదిలోనే. మన ప్రెసిడెన్సీలో మొదటి మేడే 1923లో మద్రాసులో సింగారవేలు జరిపాడు. అమెరికా మాత్రం ఆ రోజు సెలవివ్వదు. వాళ్ళ లేబర్ డే సెప్టెంబర్‌లో.

చిచ్చా మెచ్చుకున్న గంట లెక్క 1938 ఖానూన్‌తో దేశమంతటికీ వచ్చింది. అప్పుడు గంటకు కనీసం 25 సెంట్లు. అందులోనూ పొలం కూలీలను, ఇళ్ళలో పనిచేసేవాళ్ళను వదిలేశారు. దక్షిణాదిలో ఆ పనులు ఎక్కువగా ఎవరు చేసేవాళ్ళో చెప్పక్కర్లేదు. ఇవాళ కేంద్రం పెట్టిన కనీస కూలి గంటకు 7.25 డాలర్లు. 2009 జులై నుంచి ఒక్క సెంటు పెరగలేదు. కొన్ని రాష్ట్రాలు సొంతంగా పెంచుకున్నాయి. టెక్సాస్ పెంచలేదు. ఇంకో సంగతి విని చిచ్చా నోరు తెరిచాడు. జీతంతో కూడిన సెలవు ఇవ్వాలని అక్కడ కేంద్ర ఖానూన్ ఏదీ లేదు. కంపెనీ ఇస్తే ఇచ్చినట్టు. మన 1948 ఫ్యాక్టరీల చట్టంలో ఇరవై రోజుల పనికి ఒక రోజు సెలవు రాసి ఉండేది.

"నీకు ఇచ్చారా చిచ్చా ఆ సెలవు?"

ఆయన నవ్వాడు. "కాగితంలో ఇచ్చినారు."

ఇక కఫీల్ సంగతి. ఇక్కడ మా ఖాలా కొడుకుతో నాకు సగం ఒప్పుదల, సగం పేచీ. కఫీల్ అంటే అరబీలో పూచీ పడేవాడు. స్పాన్సర్ అన్న ఇంగ్లీషు మాటకూ అదే అర్థం. హెచ్-1బి వీసా మీద పనిచేసేవాడి రోజీ, నివాసం రెండూ ఒక కంపెనీ కాగితానికి కట్టి ఉంటాయి. నౌకరీ పోతే సాధారణంగా 60 రోజులు గడువు. ఆలోపు ఇంకో కంపెనీ దొరకాలి, లేదా సామాను సర్దుకోవాలి. గ్రీన్ కార్డు సంగతి చెప్పాలంటే, నౌకరీ మీద ఇచ్చేవి ఏడాదికి సుమారు 1,40,000. ఏ ఒక్క దేశం వాళ్ళకూ మామూలుగా 7 శాతం మించకూడదు. మనవాళ్ళ వరుస ఎంత పొడుగంటే, లైన్లో నిలబడ్డప్పుడు పుట్టిన బిడ్డకు ఇరవై ఒకటి నిండిపోతుంది. 2025 సెప్టెంబర్‌లో ట్రంప్ కొత్త హెచ్-1బి దరఖాస్తుల మీద లక్ష డాలర్ల ఫీజు ప్రకటించాడు. ఒక సంతకంతో ఎన్ని ఇళ్ళలో నిద్రలు పోయాయో మీకు తెలుసు.

అలాగని రెండూ ఒకటే అంటే అబద్ధం అవుతుంది. అక్కడ పాస్‌పోర్ట్ ఎవడూ లాక్కోలేడు. కంపెనీ మారవచ్చు. జీతం ఎగ్గొడితే అదాలత్‌కి వెళ్ళొచ్చు. ఖాలా కొడుకు పాస్‌పోర్ట్ పందొమ్మిదేళ్ళలో పదిహేనేళ్ళు ఇంకొకడి బీరువాలో ఉంది. ఆ తేడా వాడికి తెలిసినంతగా నాకు తెలియదు, వాడు చెప్పింది విన్నాను.

ఈ వీసా కథలో మన నంద్యాలకూ ఒక చిన్న పాత్ర ఉంది. హెచ్-1బి ఇప్పటి రూపంలో వచ్చింది అమెరికా 1990 చట్టంతో. మరుసటి ఏడాది ఇక్కడ పీవీ నరసింహారావు వజీరె ఆజం అయ్యాడు. ఆయన్ను 1991 నవంబర్ ఉప ఎన్నికలో 5 లక్షల 80 వేలకు పైగా మెజారిటీతో లోక్‌సభకు పంపింది మన నంద్యాలే. ఆయన సర్కారు దేశం తలుపులు తెరిచింది. అక్కడ వీసా, ఇక్కడ ఇంజనీరింగ్ కాలేజీలు. పదేళ్ళలో పత్తి చేలు అమ్మి పిల్లల్ని అమెరికా పంపడం మన వైపు మామూలు మాట అయిపోయింది.

ఇప్పుడు ఆపా అడిగిన సవాల్.

2023 జనవరి 23 రాత్రి సియాటిల్‌లో ఆదోని అమ్మాయి జాహ్నవి కందుల రోడ్డు దాటుతుంటే పోలీసు కారు గుద్దింది. వయసు 23. ఎంఎస్ చదువుతోంది. కారు వేగం గంటకు 74 మైళ్ళ దాకా వెళ్ళింది, అక్కడ అనుమతి 25 మైళ్ళు. ఆ తర్వాత ఇంకో పోలీసు ఆఫీసర్ ఫోన్లో నవ్వుతూ, ఒక 11 వేల డాలర్ల చెక్కు రాసిస్తే చాలు, ఆమె విలువ అంతే అన్న ధోరణిలో మాట్లాడాడు. అతని ఛాతీ మీది కెమెరా నడుస్తూనే ఉంది. 2024 ఫిబ్రవరిలో ప్రాసిక్యూటర్ కారు నడిపిన ఆఫీసర్ మీద క్రిమినల్ కేసు పెట్టడం లేదని చెప్పేసింది. నవ్విన ఆఫీసర్ నౌకరీ 2024 జులైలో పోయింది, నడిపిన ఆఫీసర్ నౌకరీ 2025 జనవరిలో. జైలు ఎవరికీ లేదు.

ఒకటే ఖానూన్ అన్న ఖాలా కొడుకు తల దించుకున్నాడు. అయితే 2017 ఫిబ్రవరి 22 కథ కూడా చెప్పాలి. కాన్సస్‌లో ఒలేథా అనే ఊళ్ళో శ్రీనివాస్ కూచిభొట్లను ఒకడు కాల్చి చంపాడు. ఇరానీ అనుకున్నాడట. ముసల్మాన్ల మీది నఫ్రత్ ఒక హిందూ ఇంట్లో చీకటి నింపింది. ఆపబోయిన ఒక తెల్ల కుర్రాడు తానూ తూటా తిన్నాడు. హంతకుడికి ఏడాదిన్నర తిరగకముందే ఉమ్రఖైదు పడింది. కానీ భర్త పోవడంతో భార్యకు ఆ దేశంలో ఉండే హక్కే ఆగిపోయింది, ఎందరో పూనుకుంటే గాని ఆమెకు మళ్ళీ దారి దొరకలేదు. మామూలు మనిషి తుపాకీ పట్టినప్పుడు అక్కడి అదాలత్ వేగం వేరు. వర్దీ వేసుకున్నవాడు తప్పు చేసినప్పుడు ఆ వేగం వేరు.

ఆ మాట అన్నానో లేదో, దుల్హాభాయ్ మెల్లగా అన్నాడు. "మన దగ్గర మాత్రం? కౌలూరు?"

నంద్యాల ముసల్మాన్లలో ఆ పేరు వింటే ఉలిక్కిపడని ఇల్లు లేదు. 2020 నవంబర్ 3న నంద్యాల ఆటో డ్రైవర్ ఒకాయన, భార్య, ఇద్దరు పిల్లలతో సహా కౌలూరు దగ్గర రైలు పట్టాల మీద ప్రాణాలు వదిలాడు. చేయని దొంగతనం మోపి పోలీసులు వేధిస్తున్నారని ముందే ఫోన్లో వీడియో చేసి పెట్టాడు. ఆ వీడియో బయటికొచ్చాకే కదలిక. ఒక సీఐ, ఒక హెడ్ కానిస్టేబుల్ సస్పెండయ్యారు, అరెస్టయ్యారు, వెంటనే బెయిల్ మీద బయటికొచ్చారు. ఆ రోజుల్లో ఊళ్ళో ర్యాలీలు తీశాం, జుమా తర్వాత రోడ్డు మీద నిలబడ్డాం. ఆ పిల్లల బడి సంచులు ఎవరి దగ్గరున్నాయో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

తలుపు దగ్గర కూర్చుని ఇదంతా వింటున్న మా భాంజీ అప్పుడు నోరు విప్పింది. "మామూ, సియాటిల్ వీడియో బయట ఎవరు పెట్టినారు?"

పోలీసు శాఖే అని చెప్పాను. లోపల పనిచేసే ఒక ఉద్యోగి విని, ఇది సరికాదని పైకి తీసుకెళ్ళాడు. ఆ తర్వాత 2023 సెప్టెంబర్‌లో శాఖ దాన్ని విడుదల చేసింది.

"అంటే ఆడ పోలీసు కెమెరా. ఈడ చచ్చిపోయేవాడే తీసుకోవాల," అంది.

దానికి నా దగ్గర జవాబు లేదు. చిచ్చా తస్బీ తిప్పుతూ కూర్చున్నాడు.

జిందగీ సంగతి డాలస్‌లో ఉన్న మా మేనల్లుణ్ణి అడుగుదామని అక్కడి నుంచే ఫోన్ కలిపాం. అక్కడ పొద్దున, ఆఫీసుకు బయల్దేరుతున్నాడు. రోడ్లు, నీళ్ళు, కరెంటు గురించి అడగక్కర్లేదన్నాడు. మసీదుకు ఇరవై నిమిషాలు కారులో వెళ్ళాలి, అయినా జుమాకు ఆఫీసులో ఎవరూ అడ్డు చెప్పరన్నాడు. భయం ఒక్కటే, జబ్బు. ఇన్సూరెన్స్ నౌకరీతో వస్తుంది, నౌకరీతో పోతుంది. "ఇక్కడ ఆరోగ్యశ్రీ లేదు మామూ," అని నవ్వాడు. అరవై ఐదేళ్ళు దాటినవాళ్ళకు, మరీ బీదవాళ్ళకు ప్రభుత్వ వైద్యం ఉంది, 1965 నుంచి. మధ్యలో ఉన్నవాళ్ళు చెప్పుల్లేకుండా నడిచినట్టు నడవాలట. పోయినేడు వాడి అబ్బా మయ్యత్‌కి రాలేకపోయాడు, వీసా స్టాంపింగ్ భయంతో. ఆ మాట వాడు అనలేదు, మేమూ ఎత్తలేదు.

ఫోన్ పెట్టేశాక ఆపా బయటికొచ్చి కూర్చుంది. పంపనంటుందేమో అనుకున్నాం. "ఆ ఇన్సూరెన్స్ కాగితం ఏదో ముందే చదివి చెప్పండి," అని మాత్రం అంది. దుల్హాభాయ్ ఇల్లు బ్యాంకులో పెట్టడం కంటే చాగలమర్రి దారిలో ఉన్న ఎకరంన్నర అమ్మేస్తానంటున్నాడు. చిచ్చాకు అది నచ్చలేదు, పత్తి చేను అది. సోమవారం అందరూ నంద్యాల వస్తున్నారు. కొనేవాడొకడు ఉన్నాడు, ధర మాట్లాడడానికి నన్నూ ఉండమన్నారు.