కరగడం, వేడి, మోల్: రసాయన గణనలో పదాల చరిత్ర

ఉప్పు నీటిలో కరుగుతుంది. మంచు ఎండకు కరుగుతుంది. తెలుగులో రెండింటికీ క్రియ ఒక్కటే. రసాయన శాస్త్రంలో మొదటిది ద్రావణం ఏర్పడటం, రెండవది ద్రవీభవనం. ప్రవేశస్థాయి రసాయన లెక్కలలో విద్యార్థి తడబాటును సాధారణంగా గణితలోపంగా భావిస్తాం. దానిలో కొంత భాగానికి మూలం పదాల చరిత్రలో ఉన్నదని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఉష్ణానికీ ఉష్ణోగ్రతకూ గల భేదం ఐరోపాలోనూ తొలినుంచీ స్పష్టంగా లేదు. 1760ల దశకంలో గ్లాస్గో విశ్వవిద్యాలయంలో జోసెఫ్ బ్లాక్, కరుగుతున్న మంచు ఉష్ణాన్ని గ్రహిస్తున్నా దాని ఉష్ణోగ్రత పెరగదని నిర్ధారించారు. గుప్తోష్ణ భావనకు మూలం ఇదే. ఆయన ఉపన్యాసాలు మరణానంతరం 1803లో అచ్చయ్యాయి. మన వాడుకలోని 'వేడి' మాత్రం నేటికీ ఆ రెండు అర్థాలనూ మోస్తూనే ఉంది.

పారిభాషిక పదాలు ఈ చిక్కును పూర్తిగా తీర్చలేదు. ద్రవీభవనం, ద్రావణం, ద్రావణి, ద్రావితం అన్నీ ప్రవాహార్థకమైన 'ద్రు' ధాతువు నుంచి వచ్చినవే. అంటే 'కరుగు' క్రియలోని సందిగ్ధత సంస్కృత పదాలలోనూ కొనసాగింది. భేదం వచ్చింది నిర్వచనం వల్లనే గాని వ్యుత్పత్తి వల్ల కాదు. సాధారణ ఉప్పు ద్రవీభవించడానికి సుమారు 801 డిగ్రీల సెల్సియస్ కావాలి. నీటిలో అది గది ఉష్ణోగ్రత వద్దే కరుగుతుంది.

'మోల్' చరిత్ర దీనికి భిన్నం. 1890ల దశకంలో లైప్‌జిగ్‌లో విల్‌హెల్మ్ ఓస్ట్‌వాల్డ్ వ్యాప్తిలోకి తెచ్చిన ఈ మాట మొదట గ్రాములలో చెప్పిన అణుభారాన్ని సూచించింది. 1971లో అంతర్జాతీయ మూల ప్రమాణమైంది. 2019 మే 20 నుంచి ఒక మోల్ అంటే కచ్చితంగా 6.02214076 × 10²³ కణాలు. తెలుగులో దీనిని అనువదించక యథాతథంగా స్వీకరించాం. అందువల్ల దీనికి వాడుక అర్థాల బరువు లేదు. అనుభవపు ఆసరా కూడా లేదు.

ఒక లెక్కను పరిశీలిద్దాం. 100 గ్రాముల నీటిలో 5.35 గ్రాముల అమ్మోనియం క్లోరైడ్‌ను కరిగించాం. దాని మోలార్ ద్రవ్యరాశి 53.5 కనుక అది 0.1 మోల్. ఒక మోల్ కరగడానికి సుమారు 14.8 కిలోజౌళ్లు కావాలి, ఇక్కడ 1.48 కిలోజౌళ్లు. ద్రావణం విశిష్టోష్ణాన్ని నీటిదానితో సమానంగా తీసుకుంటే ఉష్ణోగ్రత సుమారు 3.4 డిగ్రీలు తగ్గుతుంది. 'వేడి తగ్గింది' అన్న వాడుకను అనుసరించిన విద్యార్థి ఉష్ణం వెలువడిందని భావించి రుణ చిహ్నం వేస్తాడు. నిజానికి కరిగే ప్రక్రియే ఆ ఉష్ణాన్ని గ్రహించింది. అంకెలన్నీ సరిపోయినా సమాధానం తప్పుతుంది.

కాబట్టి పరిభాషా నిర్మాణం పదాన్ని సృష్టించడంతో ముగియదు. ఆ పదం ఏ వాడుక మాటకు పక్కన నిలుస్తుందో, ఏ అర్థాన్ని వదిలించుకోవాలో కూడా పాఠం చెప్పాలి. ఈ పరిశీలన రసాయన శాస్త్ర శాఖలకే పరిమితమైనది కాదు. తెలుగు శాఖలూ చేపట్టవలసిన పని.