రాచరిక ప్రేమకథ, టెలివిజన్ తెర: చారిత్రక ఆధారాలుగా 1982 నాటి రెండు చిత్రాలు

వార్తాపత్రికలను చారిత్రక ఆధారాలుగా ఎలా ఉపయోగించాలో మీరు గత భాగంలో చదివారు. ఈ భాగంలో అంతకంటే చిక్కైన ఆధారాన్ని తీసుకుందాం. 1982 సెప్టెంబరులో అమెరికాలో మూడు రోజుల తేడాతో రెండు టెలివిజన్ చిత్రాలు ప్రసారమయ్యాయి. 17వ తేదీన ఎ.బి.సి. సంస్థ ‘ఛార్లెస్ అండ్ డయానా: ఎ రాయల్ లవ్ స్టోరీ’ని, 20వ తేదీన సి.బి.ఎస్. సంస్థ ‘ది రాయల్ రొమాన్స్ ఆఫ్ ఛార్లెస్ అండ్ డయానా’ను చూపించాయి. రెండింటి కథా ఒక్కటే. బ్రిటిష్ యువరాజు ఛార్లెస్, స్పెన్సర్ ప్రభువంశానికి చెందిన డయానాను ప్రేమించి పెళ్లాడతాడు.

ఆ పెళ్లి 1981 జులై 29న లండన్‌లోని సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో జరిగింది. ప్రపంచవ్యాప్తంగా 75 కోట్ల మంది టెలివిజన్‌లో చూశారని అంచనా. అంతమంది చూసిన పెళ్లిని ఏడాది తిరిగీ తిరగకముందే నటులతో మళ్లీ తీయవలసిన అవసరం ఏమిటి? జనం చూసింది పెళ్లిని మాత్రమే. పెళ్లికి ముందు ఆ ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో, ఎలా దగ్గరయ్యారో ఎవరూ చూడలేదు. ఆ ఖాళీని రచయితలు తమ ఊహతో నింపారు. చరిత్ర విద్యార్థి జాగ్రత్తపడవలసిన చోటు సరిగ్గా ఇదే.

రాజవంశీకుల ప్రేమ వ్యవహారం ఎప్పుడూ ఇలా బహిరంగంగా సాగలేదని గుర్తుంచుకోండి. 1936లో ఎనిమిదవ ఎడ్వర్డ్ రాజు, అమెరికా పౌరురాలు వాలిస్ సింప్సన్‌ల సంగతి అమెరికా పత్రికలన్నీ రాశాయి. బ్రిటన్‌లో మాత్రం పత్రికాధిపతులు తమలో తాము కట్టడి చేసుకుని నోరు మెదపలేదు. అమెరికా నుంచి వచ్చే పత్రికల్లో ఆ వార్తలున్న పేజీలను కత్తిరించి అమ్మిన సందర్భాలూ ఉన్నాయి. డిసెంబరు 3న ఆ మౌనం వీడింది. మరో ఎనిమిది రోజులకు రాజు సింహాసనం వదులుకున్నాడు.

ఈ పద్ధతి ఒక్క రోజులో మారలేదు. 1969లో ‘రాయల్ ఫ్యామిలీ’ అనే డాక్యుమెంటరీ కోసం రాణి రెండవ ఎలిజబెత్ తన ఇంటి తలుపులను కెమెరాకు తెరిచింది. అదే ఏడాది రూపర్ట్ మర్డోక్ ‘ది సన్’ పత్రికను కొన్నాడు. 1978లో ‘డెయిలీ స్టార్’ మొదలైంది. చిన్న సైజు పత్రికల మధ్య పోటీ తీవ్రమైంది. కెమెరాను లోపలికి పిలిచింది రాజభవనమే కదా, మరి ఆ తర్వాత ఫిర్యాదు చేయడం ఎంతవరకు సబబు అని కొందరు అడుగుతారు. ఆ ప్రశ్నలో కొంత న్యాయం ఉంది. అయితే 1980లో ఆ భారం పడింది రాజభవనం మీద కాదు, పంతొమ్మిదేళ్ల అమ్మాయి మీద.

1980 సెప్టెంబరు నుంచి డయానా పనిచేసే లండన్ కిండర్‌గార్టెన్ దగ్గర, ఆమె నివసించే ఫ్లాట్ ముందు ఫొటోగ్రాఫర్లు కాపలా కాశారు. నవంబరులో ‘సండే మిర్రర్’ పత్రిక, ఆమె రాత్రివేళ రాజకుటుంబపు రైలులో యువరాజును కలిసిందని రాసింది. రాజభవనం ఖండించింది, డయానా కూడా కాదన్నది. పత్రిక మాత్రం వెనక్కి తగ్గలేదు. కూతుర్ని వేధించవద్దని డయానా తల్లి డిసెంబరులో ‘ది టైమ్స్’కు లేఖ రాయవలసి వచ్చింది. యువరాజు భార్యకు మచ్చలేని గతం ఉండాలని ఆనాటి సమాజం ఆశించేది. కాబట్టి అలాంటి వార్త ఒక్కటి చాలు, ఆ అమ్మాయి పేరు చెడటానికి.

ఇప్పుడు కార్యకారణ సంబంధాన్ని గమనించండి. అమ్మాయి పరువు పోకముందే ఏదో ఒకటి తేల్చమని ఛార్లెస్‌కు తండ్రి ప్రిన్స్ ఫిలిప్ లేఖ రాశాడు. దాన్ని ఛార్లెస్ ఒత్తిడిగానే తీసుకున్నాడని 1994లో జొనాథన్ డింబుల్‌బీ రాసిన జీవితచరిత్ర చెబుతుంది. 1981 ఫిబ్రవరి 24న నిశ్చితార్థం ప్రకటించారు. అంటే పత్రికలు ఈ ప్రేమకథను దూరంగా నిలబడి చూడలేదు. దాన్ని పెళ్లి వైపు తోసిన శక్తుల్లో అవీ ఒకటి. పెళ్లికి ముందు తామిద్దరం 13 సార్లే కలుసుకున్నామని డయానా తర్వాత ఒక వీడియో రికార్డింగులో చెప్పింది. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే ఆలోచింపజేసే అంకె ఇదే. 75 కోట్ల అంకె దీని తర్వాతే.

మళ్లీ 1982 చిత్రాల దగ్గరకు వద్దాం. వాటి రచయితలకు అప్పుడు అందుబాటులో ఉన్నవి పత్రికా కథనాలు, నిశ్చితార్థం నాటి టెలివిజన్ ఇంటర్వ్యూ, పెళ్లి ప్రసారం. డయానా సొంత మాట లేదు. డింబుల్‌బీ పుస్తకం రావడానికి ఇంకా పన్నెండేళ్లు ఉంది. కాబట్టి 1980-81లో ఆ ఇద్దరి మధ్య ఏం జరిగిందో తెలుసుకోవడానికి ఈ చిత్రాలు చాలా బలహీనమైన ఆధారాలు. 1982 నాటి ప్రేక్షకులు రాచరికం నుంచి ఏం కోరుకున్నారో తెలుసుకోవడానికి మాత్రం గట్టి ఆధారాలు. ఒకే కథను ఒకే వారంలో రెండు పోటీ సంస్థలు చూపించాయంటే దానికి ఎంత గిరాకీ ఉందో ఊహించండి. సి.బి.ఎస్. చిత్రంలో డయానాగా నటించిన కేథరిన్ ఆక్సెన్‌బర్గ్ యుగోస్లావియా రాజకుమారి కుమార్తె, ఛార్లెస్‌కు దూరపు బంధువు కూడా. ఈ ఎంపిక కూడా ఆ గిరాకీలో భాగమే అనుకోవచ్చు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: ఒక చిత్రం ఏ సంఘటనను చూపుతుందో ఆ సంఘటన తేదీ ఒకటి, చిత్రం తీసిన తేదీ మరొకటి. మీకు తెలిసిన ఏదైనా జీవితకథా చిత్రాన్ని తీసుకుని, ఈ రెండు తేదీల మధ్య కొత్తగా బయటపడిన ఆధారాలు ఏమిటో ఐదారు వాక్యాల్లో రాయండి.

1992లో ఆండ్రూ మోర్టన్ పుస్తకం వెలువడింది. అందులోని విషయాలను డయానాయే రహస్యంగా టేపుల్లో రికార్డు చేసి పంపిందని ఆమె మరణించిన 1997లో గాని లోకానికి తెలియలేదు. 1992 డిసెంబరు 9న ప్రధానమంత్రి జాన్ మేజర్, దంపతులు విడిగా ఉంటారని హౌస్ ఆఫ్ కామన్స్‌లో ప్రకటించాడు. అదే నెలలో ఎ.బి.సి. సంస్థ మరో చిత్రాన్ని ప్రసారం చేసింది. దాని పేరు ‘ఛార్లెస్ అండ్ డయానా: అన్‌హ్యాపిలీ ఎవర్ ఆఫ్టర్’. అందులో డయానా పాత్ర వేసింది కూడా కేథరిన్ ఆక్సెన్‌బర్గే.