నీలగిరి గడ్డినేలల ప్రాచీనత

ముప్పదియేండ్లు బడిపిల్లలకు దేశచరిత్రము చెప్పినవాడను. నీలగిరుల పాఠము వచ్చినపుడెల్ల, "ఆ కొండలపై పూర్వము అడవులు నిండియుండెడివి, తోడావారు గేదెల మేతకై తగులబెట్టగా గడ్డినేలలైనవి" అని నిస్సంశయముగ చెప్పుచుంటిని. సాక్షిని విచారింపక చేసిన తీర్పది. దానిని సవరించుకొనుటకే నేడు మీతో మాటలాడుచున్నాను.

నీలగిరి పీఠభూమిపై, సముద్రమట్టమునకు సుమారు 2,000 మీటర్ల యెత్తున, లోయలలో షోలా యనెడి పొట్టి దట్టపుటడవులును, చుట్టునున్న గుట్టలపై విశాలమగు గడ్డినేలలును గలవు. నీరు నిలుచు పల్లములలో మొక్కలు పూర్తిగ కుళ్లక, పొరమీద పొరగ పేరుకొని నల్లని మన్నైనవి. దీనిని పీటు అందురు. తాళపత్రముల కట్టవలె దీనిని చదువవచ్చును. అడుగుపొర ప్రాచీనము, పైపొర నవీనము.

ఇందలి లిపి కర్బనము. గాలిలోని బొగ్గుపులుసు వాయువునందలి కర్బనములో ఇంచుమించు నూటికి 99 పాళ్లు 12 భారము గలది. తక్కిన పాలు 13 భారము గలది. చెట్లు ఈ బరువు కర్బనమును ఒకింత హెచ్చుగ వదలివేయును. చెఱకు, జొన్న మొదలగు ఉష్ణదేశపు గడ్డిజాతులు అంతగ వదలవు. శాస్త్రజ్ఞులు ఏర్పరచుకొన్న ప్రమాణముతో పోల్చిచూడగా, బరువు కర్బనము చెట్లయందు వేయింటికి సుమారు 27 పాళ్లు తక్కువ. ఆ గడ్డియందు సుమారు 12 పాళ్లే తక్కువ. మొక్క మట్టిలో కలిసినను ఈ గుర్తు చాలవఱకు నిలుచును. పొర వయస్సును 14 భారముగల కర్బనము తెలుపును. అయితే వరి గడ్డిజాతిదేయైనను చెట్ల పద్ధతినే యనుసరించును. చలిప్రదేశపు గడ్డి కొన్నియు నట్టివే. కావున తొందరపడి చదువరాదు. మట్టిలోని పుప్పొడితో సరిచూచుకొనవలెను.

1993లో సుకుమార్, రమేష్ మున్నగు శాస్త్రజ్ఞులు నీలగిరి పీటును ఇట్లు పరీక్షించి, నేచర్ పత్రికయందు ఫలితములు ప్రకటించిరి. 1997లో ఈ పరిశోధన 40,000 సంవత్సరముల వెనుకకు సాగినది. సుమారు 20,000 ఏండ్ల క్రిందట, మంచుయుగము తీవ్రమై ఋతుపవనములు బలహీనపడినపుడు, అచట ఉష్ణదేశపు గడ్డి ప్రబలెను. పిదప, సుమారు 10,000 ఏండ్ల క్రిందట, వానలు బలపడగా చెట్ల తరగతి మొక్కలు పుంజుకొనెను. తరువాతను హెచ్చుతగ్గులు కలిగెను. పశువుల కాపరులు ఆ కొండ లెక్కుటకు వేలయేండ్లు ముందే అచట గడ్డి యున్నదన్నమాట. తోడావారు నిప్పు పెట్టలేదని నేననను. నిప్పు, మేత, మంచు ఆ గడ్డిని నిలుపుటకు తోడ్పడియుండవచ్చును. పుట్టించిన నేరము మాత్రము వారిది కాదు.

ఈ వివాదము పండితులతో ముగియునది కాదు. 19వ శతాబ్దిలో దొరలు ఆ గడ్డినేలలను వట్టి బీళ్లుగ నెంచి, యూకలిప్టసును, వాటిల్ అను ఆస్ట్రేలియా తుమ్మను నాటించిరి. స్వాతంత్ర్యము వచ్చిన పిదపను నాటుట సాగినది. గడ్డినేలలలో చాలభాగము నశించెను. తోడావారి గేదెలకు మేత తఱిగెను. అడవి పోయినదన్న అపోహ లేకుండినచో, ఆ గడ్డిని కాపాడుటకు ఒకరిద్దరైనను ముందుకు వచ్చియుందురు.

నాకడ చదివిన పిల్లలు నేడు ఎందెందున్నారో! వారిలో ఎవరైనను ఈ ప్రసంగము వినుచున్నచో, నేను చెప్పిన ఆ పాత పాఠమును దిద్దుకొనవలెనని కోరుచున్నాను.