పెంపుడు పిల్లి కాటు

ఇంట్లో సాకుతున్న పిల్లి ఆ ఇంటివాళ్లనే కరవడం పిల్లులున్న ప్రతిచోటా ఉన్నదే. ఉత్తర తెలంగాణలోని పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో (2016 అక్టోబరు 11 తర్వాత ఇవి ప్రధానంగా ఎనిమిది జిల్లాలయ్యాయి) పిల్లికీ మనిషికీ మధ్య రెండు రకాల పొత్తు కనిపిస్తుంది. వడ్లు, మక్కలు, పత్తి నిల్వచేసే పల్లె ఇళ్లలో ఎలుకల కోసం ఉండనిచ్చే పిల్లి ఒకటి. కరీంనగర్, రామగుండం, మంచిర్యాల, నిర్మల్, ఆదిలాబాద్ వంటి పట్టణాల్లో ముచ్చటపడి పెంచుకునే పిల్లి మరొకటి. ఇందులో పర్షియన్ జాతి పిల్లులూ ఉంటాయి. రెండూ కరుస్తాయి. కరిచినప్పుడు ఎక్కువగా వినిపించే తీర్పు మాత్రం ఒక్కటే: కుక్కకు విశ్వాసం ఉంటుంది, పిల్లికి ఉండదు అని. ఆ తీర్పు నిలవదు. పిల్లి కాటులో ద్రోహం లేదు. కొన్ని కాట్లు దారి దొరకని వేట బుద్ధి వల్ల జరుగుతాయి. మిగిలిన వాటిలో ఎక్కువ భాగం, భయమనో, నొప్పి అనో, ఇక చాలనో పిల్లి ముందుగానే తెలిపినా మనిషి గమనించకపోవడం వల్ల జరుగుతాయి. అయితే కారణం ఎంత అమాయకమైనదైనా గాయాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఈ రెండు విషయాలనూ కలిపి చూస్తేనే పిల్లి కాటు పూర్తిగా అర్థమవుతుంది.

వేటాడే జీవి ఇల్లు చేరిన తీరు

పెంపుడు పిల్లికి మూలం పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికాల్లో తిరిగే ఒక అడవి పిల్లి. సుమారు 10,000 ఏళ్ల కిందట పశ్చిమాసియాలో వ్యవసాయం కుదురుకుని ధాన్యం నిల్వలు పెరిగాయి. ధాన్యం కోసం ఎలుకలు, ఎలుకల కోసం పిల్లులు ఊళ్లోకి వచ్చాయి. సైప్రస్ దీవిలో సుమారు 9,500 ఏళ్ల నాటి సమాధిలో మనిషి పక్కనే పాతిపెట్టిన పిల్లి అస్థిపంజరం దొరికిందని 2004లో పరిశోధకులు ప్రకటించారు. ఆ దీవిలో సహజంగా పిల్లులు లేవు కాబట్టి వాటిని మనుషులే పడవల్లో తెచ్చి ఉండాలి. ఇంత పాత పొత్తు అయినా కుక్క విషయంలో జరిగింది పిల్లి విషయంలో జరగలేదు. గొర్రెలు కాయడానికి, వేటకు, కాపలాకు మనిషి కుక్కలను ఏరి ఏరి పెంచాడు; చెప్పినట్టు వినేవాటికే సంతానం మిగిలింది. పిల్లిని ఎవరూ అలా మలచలేదు, ఆ అవసరమూ రాలేదు. గాదెల చుట్టూ, గుమ్మి చాటున ఎలుకను పట్టడం దానికి పుట్టుకతోనే తెలుసు. అందుకే నేటి పెంపుడు పిల్లి ఒడలిలో ఒంటరిగా వేటాడే జీవి దాదాపు అలాగే ఉంది. దానికి 30 పళ్లు, వాటిలో సూదుల్లాంటి నాలుగు కోరలు. ఇంకో సంగతి ఎక్కువమంది మరిచిపోతారు. ఇంత చిన్న జంతువు ఎలుకకు వేటగాడే కానీ కుక్కకు, పెద్ద జంతువులకు ఆహారం కూడా. దాడి చేయడం ఎంత సహజమో, దొరికిపోతానన్న భయం కూడా దానికి అంతే సహజం.

కారణాలు

చిన్న వయసు పిల్లుల కాట్లలో ఎక్కువ భాగం ఆట. పిల్లిపిల్లలు ఒకదానినొకటి కరుచుకుంటూ, గట్టిగా కరిస్తే ఆట ఆగిపోతుందని నేర్చుకుంటాయి. పళ్లను అదుపులో పెట్టుకునే ఈ చదువు తల్లి దగ్గర, తోబుట్టువుల మధ్య జరుగుతుంది. కళ్లు తెరిచిన కొన్నాళ్లకే విడదీసి తెచ్చిన పిల్లకు ఆ చదువు అందదు. మనిషి అలవాటు కావడానికీ ఒక వయసుంది. అమెరికాలోని టెంపుల్ విశ్వవిద్యాలయంలో ఐలీన్ కార్ష్ 1980ల్లో చేసిన ప్రయోగాలు, రెండో వారం నుంచి ఏడో వారం మధ్య మనుషుల చేతుల్లో మెలిగిన పిల్లలే పెద్దయ్యాక మనుషులతో చనువుగా ఉంటాయని చూపించాయి. ఆ గడువు దాటాక గడ్డివాము కిందనో అటక మీదనో పట్టి తెచ్చిన పిల్ల మనిషి చేతిని ముప్పుగానే చూస్తుంది. దీనికి తోడు, చిన్నప్పుడు ముద్దుగా ఉందని వేళ్లు ఆడించి కరిపించుకుంటారు. చేయి ఎరలాంటిదని మనమే నేర్పి, ఆరు నెలలు నిండి కోరలు పదునెక్కాక అదే పనికి కోప్పడతాం. రోజంతా తలుపులు మూసిన అపార్ట్‌మెంటులో ఉండే పిల్లికి కదిలే వస్తువు మనిషి పాదమే కావచ్చు. సాయంత్రం పూట మంచం కింది నుంచి దూకి మడమ పట్టుకునే పిల్లి పగబట్టి కాదు, వేటాడాలన్న తపనతోనే ఆ పని చేస్తుంది.

రెండో కారణం నిమరడం. ఒళ్లో పడుకుని గురగురమంటున్న పిల్లి ఉన్నట్టుండి చేతిని కరుస్తుంది. దగ్గరగా చూస్తే అది ఉన్నట్టుండి జరగదు. వీపు మీద చేయి నాలుగైదుసార్లు జారేసరికి తోక కొస ఒక్కసారి ఎగిరిపడుతుంది. ఆపైన తోకంతా నేలకు కొట్టుకోవడం మొదలవుతుంది. వీపు చర్మం అల పోయినట్టు వణుకుతుంది. చెవులు పక్కకు తిరిగి వెనక్కి వాలతాయి. గురగుర ఆగిపోతుంది. తల చేతి వైపు తిరుగుతుంది, కంటిపాపలు పెద్దవవుతాయి. అప్పటికీ చేయి ఆగకపోతే కాటు పడుతుంది. ఏ చోట నిమురుతున్నామన్నదీ ముఖ్యమే. బుగ్గలు, గడ్డం, చెవుల ముందుభాగం చాలా పిల్లులకు ఇష్టం. అక్కడ వాసన గ్రంథులు ఉంటాయి. బ్రిటన్‌లోని లింకన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2015లో ప్రచురించిన అధ్యయనంలో, తోక మొదలు దగ్గర నిమిరినప్పుడు పిల్లుల్లో చిరాకు ఎక్కువగా కనిపించింది. వెల్లకిలా పడుకుని పొట్ట చూపడం కూడా ముట్టుకోమని పిలుపు కాదు. నమ్మకం ఉందని తెలపడం అది. అక్కడ చేయి వేస్తే నాలుగు కాళ్ల గోళ్లు, కోరలు ఒక్కసారే పనిచేస్తాయి.

మూడోది భయం. ఒకరి మీద కోపం ఇంకొకరి మీద చూపడం కూడా దీనితోపాటే వస్తుంది. కిటికీ బయట పరాయి పిల్లి కనబడినా, దీపావళి టపాసులు పేలినా, గణేశ్ నిమజ్జనంలోనో పెళ్లి బరాత్‌లోనో డీజే మోగినా పిల్లి ఒళ్లంతా బిగుసుకుపోతుంది. ఆ సమయంలో ఓదార్చబోయి ఎత్తుకున్న చేతికే కాటు పడుతుంది. చప్పుడు ఆగినా ఆ ఉద్రేకం కొన్ని గంటలపాటు ఉండవచ్చు. ఈనిన పిల్లిదీ ఇదే స్థితి. పిల్లలను ఏడిళ్లు తిప్పుతుందని లోకం ఊరికే అనలేదు. చోటు బయటపడిందనుకుంటే వాటిని మార్చడం, అడ్డొచ్చిన చేతిని కరవడం రెండూ పిల్లలను కాపాడుకోవడంలో భాగాలే.

నాలుగోది నొప్పి. ఎక్కువమంది దృష్టికి రానిదీ ఇదే. పిల్లి నొప్పిని దాచుకుంటుంది. 12 ఏళ్లు పైబడిన 100 పిల్లుల ఎక్స్‌రేలను అమెరికాలో పరిశీలించి 2002లో ప్రచురించిన అధ్యయనంలో, నూటికి 90 పిల్లుల కీళ్లలో అరుగుదల గుర్తులు కనిపించాయి. చిగుళ్ల వాపు, పళ్ల జబ్బులు, పోట్లాటలో తగిలి లోపల చీము పట్టిన దెబ్బలు కూడా పైకి తెలియవు. ఏళ్ల తరబడి నెమ్మదిగా ఉన్న పిల్లి కొత్తగా కరవడం మొదలుపెడితే మొదట అనుమానించాల్సింది దాని బుద్ధిని కాదు, దాని ఆరోగ్యాన్ని. ఈ ప్రాంతంలో పశువైద్యం అంటే ఆవులు, బర్రెలు, గొర్రెలు, కోళ్లే గుర్తొస్తాయి. కానీ జగిత్యాల జిల్లా కోరుట్లలో పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందిన కళాశాలే ఉంది. పిల్లిని కూడా పశువైద్యుడికి చూపించవచ్చన్న ఆలోచన రావడమే ముఖ్యం.

అభ్యంతరాలు

ఈ వాదనకు మొదటి అభ్యంతరం: సంకేతాలు ఇస్తుందంటున్నారు గానీ, నిజంగా ఏ సూచనా లేకుండా కరిచే పిల్లులు లేవా? ఉన్నాయి. కానీ వాటిలో చాలావరకు అలా తయారైనవే. గుర్రుమంటే కొట్టిన ఇంట్లో పిల్లి గుర్రుమనడం మానేస్తుంది, కరవడం మానదు. మధ్యలో ఉండాల్సిన హెచ్చరిక మాత్రం పోతుంది. గురగుర శబ్దం వల్ల కూడా పొరపాటు జరుగుతుంది. సంతోషంలోనే కాదు, నొప్పిలోనూ పిల్లి గురగురమంటుంది కాబట్టి ఆ ఒక్కదాన్ని చూసి నిర్ణయించకూడదు.

రెండో అభ్యంతరం పెద్దలది: నాలుగు తగిలిస్తే అదే మానుతుంది. గదిలో పెట్టి కొడితే పిల్లి కూడా పులి అవుతుందని చెప్పింది కూడా మన పెద్దలే, ఆ మాటే ఇక్కడ నిజం. దెబ్బకూ తన కాటుకూ ఉన్న సంబంధం పిల్లికి అర్థం కాదు. ఆ చేయి వస్తే నొప్పి వస్తుందన్నదే మిగులుతుంది. భయం వల్ల కరిచే జంతువుకు భయం పెంచితే కాటు తగ్గదు. మూడో అభ్యంతరం మరింత బలమైనది. ఈ విశ్లేషణ అంతా పట్నం పిల్లులకేనని, పొద్దంతా ఊరు తిరిగి రాత్రికి ఇల్లు చేరే పల్లె పిల్లికి వర్తించదని అంటారు. తిరిగే పిల్లికి వేట దొరుకుతుంది కాబట్టి ఆట కాట్లు తక్కువన్నది నిజమే. కానీ పోట్లాట గాయాలు, ఈనడం, చిన్నప్పుడు మనిషి చేయి తగలకపోవడం దానికే ఎక్కువ. కారణాల పాళ్లు మారతాయి, కారణాలు మారవు. ఆదిలాబాద్ అడవి అంచు ఊళ్లలో ఇంకొక జాగ్రత్త కావాలి. కవ్వాల్ పులుల అభయారణ్యం చుట్టుపక్కల అడవి పిల్లులు తిరుగుతాయి. వాటి పిల్లలు చూడ్డానికి ఇంటి పిల్లిపిల్లల్లాగే ఉంటాయి. అవి వేరే జాతి. ఎంత ప్రేమగా పెంచినా పెంపుడు పిల్లులు కావు, పైగా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వాటిని పట్టి తేవడం నేరం. చేనులో కనబడిన పిల్లలను తల్లికే వదిలేయాలి.

గాయం, చికిత్స

కుక్క కాటులో చర్మం చీలుతుంది, రక్తం కారుతుంది, మనిషి దవాఖానకు పరుగెత్తుతాడు. పిల్లి కాటులో సూది గుచ్చినట్టు రెండు చుక్కలు కనబడతాయి, పైచర్మం వెంటనే మూసుకుంటుంది. ప్రమాదం అక్కడే. సన్నని కోర లోతుగా దిగి, నోటిలోని సూక్ష్మజీవులను వేళ్ల కీళ్ల దాకా, స్నాయువుల పొరల దాకా తీసుకెళ్తుంది. 1999లో అమెరికాలో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, ఇన్ఫెక్షన్ సోకిన 57 పిల్లి కాట్లను పరీక్షిస్తే నూటికి 75 గాయాల్లో పాశ్చురెల్లా జాతి బ్యాక్టీరియా కనిపించింది. కరిచిన ఒక రోజులోపే చేయి వాచి, ఎర్రబడి, సలపడం దాని లక్షణం. ధనుర్వాతం టీకా వేయించుకుని ఎన్నేళ్లయిందో కూడా వైద్యుడికి చెప్పాలి.

అన్నిటికంటే పెద్ద విషయం రేబిస్. దానిని పిచ్చికుక్క జబ్బుగానే చూడడం వల్ల పిల్లి కాటును చాలామంది లెక్కలోకి తీసుకోరు. రేబిస్ ఉన్న కుక్క కరిస్తే పిల్లికీ ఆ జబ్బు వస్తుంది, పిల్లి కరిస్తే మనిషికీ వస్తుంది, లక్షణాలు బయటపడ్డాక మందు లేదు. గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలపాటు కడగాలి. పసుపు, సున్నం, కారం, జిల్లేడు పాలు, పసరు మందు ఏదీ పెట్టకూడదు. రక్తం రాని చిన్న గీరుకు టీకా చాలు. కోర చర్మం లోపలికి దిగితే అది మూడో తరగతి గాయం. టీకాతోపాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా ఇవ్వాలి. బొడ్డు చుట్టూ 14 సూదులన్న భయం పాత తరంలో ఇంకా ఉంది. 1911లో కసౌలిలో డేవిడ్ సెంపుల్ రూపొందించిన ఆ పద్ధతి టీకా తయారీని దేశంలో 2004 చివర్లో ఆపేశారు. ఇప్పుడు చేతికి, చర్మంలోనే, 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. ప్రభుత్వ దవాఖానల్లో ఇది ఉచితం. ఆటలో కరిచిందా, కోపంతో కరిచిందా అన్న ప్రశ్న ఇక్కడ పనికిరాదు. పిల్లికి టీకాలు వేయించినా తుది నిర్ణయం వైద్యుడిదే.

మాన్పించే మార్గం

కారణం తెలిస్తే పరిష్కారం కష్టం కాదు. చేతులతో ఆడించకుండా, దారానికి కట్టిన ఈకతోనో గుడ్డపీలికతోనో దూరం నుంచి ఆడించాలి. బ్రిటన్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం 2021లో ప్రచురించిన అధ్యయనం, రోజుకు 5 నుంచి 10 నిమిషాలు ఆడించిన పిల్లులు ఇంటికి తెచ్చే వేట నూటికి 25 పాళ్లు తగ్గిందని చూపింది. ఆటతో ఆ తపన తీరుతుందనడానికి ఇది మంచి ఆధారం. పాలన్నం, పెరుగన్నంతోనే సరిపెట్టకూడదు. పిల్లి మాంసాహారి, దానికి చేపో మాంసమో కావాలి. తోక కదలగానే చేయి తీసేయాలి. భయపడ్డ పిల్లికి దాక్కునే చోటు వదిలి, తనంతట తాను బయటికి వచ్చేదాకా ఆగాలి. కరిచి పట్టుకుంటే చేయి గుంజకూడదు, గుంజితే వేట బుద్ధి రెచ్చిపోయి పట్టు బిగుస్తుంది. కదలకుండా ఉంటే వదిలేస్తుంది. పసిపిల్లలున్న ఇళ్లలో పెద్దల కన్ను తప్పనిసరి, ఎందుకంటే పిల్లి సంకేతాలు చదవడం పసివాళ్లకు రాదు.

కరిచిన పిల్లిని గోనెసంచిలో కట్టి ఊరవతల వదిలేయడం, కొట్టి చంపడం కొందరు చేసే పని. అది క్రూరమే కాదు, కరిపించుకున్న మనిషికీ చేటు. కరిచిన కుక్కనైనా పిల్లినైనా పది రోజులు గమనించమని వైద్య మార్గదర్శకాలు చెబుతాయి. ఆ పది రోజులూ అది ఆరోగ్యంగా ఉంటే, కరిచిన నాటికి దానివల్ల రేబిస్ సోకే స్థితి లేదని తేలుతుంది. ఈలోగా టీకాలు ఆపకూడదు. పిల్లిని తరిమేస్తే ఆ ఆధారమూ పోతుంది, ఎందుకు కరిచిందో తెలుసుకునే వీలూ పోతుంది. తిండి పెట్టి ఇంట్లోనే ఉంచి గమనిస్తే మనిషి ప్రాణానికి భరోసా దొరుకుతుంది, పిల్లి నొప్పో భయమో కూడా బయటపడుతుంది.