చెవికి పుట్టిన డిటెక్టివ్

ఢిల్లీలో మండీహౌస్ మెట్రో స్టేషన్ నుంచి పైకి వస్తే పెద్ద గోల్‌చక్కర్ కనిపిస్తుంది. హిమాచల్‌లోని మండీ సంస్థానాధీశుడి బంగళా ఒకప్పుడు అక్కడ ఉండేది. ఆ పేరే ఇప్పటికీ నిలిచింది. అక్కణ్ణుంచి చీలే రోడ్లలో కోపర్నికస్ మార్గ్ మీద దూరదర్శన్ భవన్ ఉంది. భగవాన్‌దాస్ రోడ్డులో, బహావల్‌పూర్ హౌస్‌లో నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా ఉంది. క్యారెట్ కొరుకుతూ హంతకుణ్ణి పట్టేసే కరమ్‌చంద్, గొంతు పెంచకుండానే నిజం రాబట్టే బ్యోమకేశ్ బక్షీ మన ఇళ్లలోకి వచ్చింది ఈ రెండు గేట్ల వల్లే. షూటింగులు చాలావరకు బొంబాయిలో, కలకత్తాలో జరిగాయి, నిజమే. కానీ దేశం ఏం చూడాలో తేల్చింది ఒక గేటు, ఆ పాత్రలు వేసిన నటుల్లో చాలామందికి చదువు చెప్పింది రెండో గేటు.

అయితే వీళ్ల తాతలు కంటికి కనిపించేవాళ్లు కారు. వాళ్లవి వట్టి గొంతులు.

1930 అక్టోబరులో అమెరికాలో ఎన్‌బీసీ రేడియో షెర్లాక్ హోమ్స్ కథ ఒకటి నాటకంగా వేసింది. హోమ్స్‌గా మాట్లాడింది విలియం జిలెట్. రంగస్థలం మీద అదే పాత్రను దశాబ్దాలపాటు వేసి, 77వ ఏట మైకు ముందుకు వచ్చాడు. ఖర్చు భరించింది ఒక కాఫీ కంపెనీ. అదే ఏడాది 'ది షాడో' గొంతు మొదలైంది. కొన్నేళ్ల తర్వాత ఆ పాత్రకు ఆర్సన్ వెల్స్ గొంతిచ్చాడు. 1938లో బీబీసీలో డిటెక్టివ్ పాల్ టెంపుల్ వచ్చాడు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, 1949లో 'డ్రాగ్‌నెట్' వచ్చి పోలీసు దర్యాప్తును ఉన్నదున్నట్టు వినిపించింది. రెండేళ్లకే అది టీవీకి ఎక్కింది. ఆ ఇరవై ఏళ్లలో రేడియోకు ఇంతగా అచ్చివచ్చిన కథలు తక్కువ.

కారణం వెతకడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. హత్య కథకు చీకటి కావాలి, రేడియోలో ఉన్నదంతా చీకటే. చెక్క మెట్ల మీద అడుగుల చప్పుడు, గడియ తీసిన శబ్దం, ఆ తర్వాత నిశ్శబ్దం. ఇంత చాలు, మిగతా ఇల్లంతా శ్రోతే కట్టుకుంటాడు. కొబ్బరి చిప్పలు కొడితే గుర్రపు డెక్కలు, రేకు ఊపితే ఉరుము, సెల్లోఫేన్ కాగితం నలిపితే మంట. సెట్టింగుల ఖర్చు లేదు, దుస్తుల ఖర్చు లేదు.

ఇందులో ఒక చిక్కు ఉంది. ఈ ప్రక్రియ రూపమంతా ఆ చిక్కులోంచే వచ్చిందని నేను నమ్ముతాను. పుస్తకంలో అయితే 'తలుపు మీద రక్తపు మరక ఉంది' అని రచయిత రాసేస్తాడు. రేడియోలో ఆ మాట ఎవరో ఒకరు నోటితో అనాలి. డిటెక్టివ్ ఒక్కడే గదిలో నిలబడి తనలో తాను చెప్పుకుంటే నాటకం చచ్చిపోతుంది. అతని పక్కన ఒకరుండాలి, అడగాలి, ఆశ్చర్యపోవాలి, తప్పుగా ఊహించాలి. హోమ్స్ మిత్రుడు వాట్సన్ పుట్టింది పుస్తకంలోనే, కానీ అతను లేకపోతే అడుగు కదలని స్థితి వచ్చింది మాత్రం రేడియోలో. మన కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్‌కు అసిస్టెంట్ రాజును తోడిచ్చినా, కరమ్‌చంద్‌కు కిట్టీ దొరికినా పని ఒకటే. మన తరఫున ప్రశ్న అడిగే మనిషి కావాలి.

ఢిల్లీకి వద్దాం. 1936 జనవరి 1న 18, అలీపూర్ రోడ్డులోని బంగళా నుంచి ఢిల్లీ రేడియో కేంద్రం మాట్లాడటం మొదలుపెట్టింది. నడిపించింది బీబీసీ నుంచి వచ్చిన లయొనెల్ ఫీల్డెన్. ఆ ఏడాదే దాని సంస్థ ఆలిండియా రేడియోగా పేరు మార్చుకుంది. 1941లో సాదత్ హసన్ మంటో ఆ కేంద్రంలో ఉద్యోగానికి చేరాడు. కృషన్ చందర్, ఉపేంద్రనాథ్ అశ్క్ కూడా అదే కాలంలో అక్కడే ఉన్నారు. మంటో రెండేళ్లు కూడా నిండకుండా వెళ్లిపోయాడు, ఆలోపే వంద దాటి రేడియో నాటకాలు, రూపకాలు రాశాడు. వీళ్లెవరూ డిటెక్టివ్ రచయితలు కారు. కానీ కనిపించని మనిషిని ఒక్క వాక్యంతో ఎదుట నిలబెట్టడం ఎలాగో, మాట ఎక్కడ ఆపితే వినేవాడి గుండె ఆగుతుందో ఈ దేశపు రేడియోకు నేర్పినవాళ్లలో వీళ్లు ముందున్నారు. తర్వాత వచ్చిన ప్రతి సస్పెన్స్ నాటకమూ ఆ విద్య మీదే బతికింది.

1943లో పార్లమెంట్ స్ట్రీట్‌లో కొత్త బ్రాడ్‌కాస్టింగ్ హౌస్ వచ్చింది. తెలుగువాళ్లకు ఆ ఆకాశవాణి భవనం వేరే రకంగా ఆత్మీయం. కపిల కాశీపతి, పన్యాల రంగనాథరావు, అద్దంకి మన్నార్ గొంతులు ఢిల్లీ నుంచి మన పల్లెల్లోకి తెలుగు వార్తలు మోసుకొచ్చింది అక్కణ్ణుంచే. 1956లో జాతీయ నాటక కార్యక్రమం మొదలై, ఒకే నాటకాన్ని ఆయా భాషల్లోకి అనువదించి అన్ని కేంద్రాలూ వేసే పద్ధతి వచ్చింది. 1957లో వివిధభారతి వచ్చింది. అందులో 'హవామహల్' పావుగంట నాటికలు, వాణిజ్య ప్రసారాలు మొదలయ్యాక ప్రకటనదారుల ఖర్చుతో నడిచిన 'ఇన్‌స్పెక్టర్ ఈగిల్' వంటివి ఉత్తరాదిలో ఇంటింటా విన్నారు. కథ పావుగంటలో ముడిపడి పావుగంటలోనే విడిపోవాలి. ఆ బిగువు తర్వాత టీవీకి ఎంతో పనికొచ్చింది.

రేడియో వినడం నేర్పుతుంటే, చదవడం నేర్పే కార్ఖానా ఇంకోటి ఉత్తరాదిలోనే పెరిగింది. 1952 నుంచి అలహాబాదులో ఇబ్నె సఫీ 'జాసూసీ దునియా' వచ్చేది. ఢిల్లీలోనే హింద్ పాకెట్ బుక్స్ చవక పుస్తకాల అలవాటు తెచ్చింది. ఢిల్లీలో టెలిఫోన్ పరిశ్రమలో ఉద్యోగం చేసుకుంటూనే సురేంద్రమోహన్ పాఠక్ 1963లో పత్రికా విలేకరి సునీల్‌ను డిటెక్టివ్‌గా దింపాడు. ఇప్పుడు ఎన్‌సీఆర్‌లో భాగమైన మేరఠ్‌లో ఓంప్రకాశ్ శర్మ, ఆ తర్వాత వేద్‌ప్రకాశ్ శర్మ రాసినవి రైల్వే స్టేషన్ల బుక్‌స్టాళ్లలో గుట్టలుగా అమ్ముడయ్యాయి. మన దగ్గరా అంతే. బెంగాలీ నుంచి పాంచకడీ దే నవలలు తెలుగులోకి ఎప్పుడో దిగాయి. కొమ్మూరి పుస్తకాలు అద్దె లైబ్రరీల్లో చేతులు మారి మారి అట్టలు ఊడిపోయేవి. టీవీ వచ్చేసరికి డిటెక్టివ్ ఎవరికీ కొత్తవాడు కాదు.

ఆ టీవీ కూడా రేడియో ఇంట్లోనే పుట్టింది. 1959 సెప్టెంబరు 15న ఆకాశవాణి భవనంలోని చిన్న స్టూడియో నుంచి, యునెస్కో సాయంతో, ప్రయోగాత్మకంగా ప్రసారం మొదలైంది. ఢిల్లీ చుట్టుపక్కల టెలీక్లబ్బుల్లో జనం గుమికూడి చూసేవారు. రోజూ ప్రసారం 1965లో మొదలైంది. 1976లో దూరదర్శన్ వేరు కాపురం పెట్టేదాకా టీవీ ఆకాశవాణిలో భాగమే. అందుకే మన తొలి టీవీ నాటకాల్లో కెమెరా కదలిక కన్నా మాటకు విలువ ఎక్కువ. దాన్ని లోపంగా చూసేవాళ్లున్నారు. నాకది వారసత్వం.

1982లో ఆసియా క్రీడల ఏడాది రంగులొచ్చాయి, జాతీయ కార్యక్రమం వచ్చింది. ఆ వెంటనే దేశమంతా ట్రాన్స్‌మిటర్లు లేచాయి. 1984లో 'హమ్‌లోగ్'తో ప్రకటనదారుల డబ్బుతో సీరియల్ నడవగలదని తేలింది. 1985లో పంకజ్ పరాశర్ దర్శకత్వంలో 'కరమ్‌చంద్' వచ్చింది. పంకజ్ కపూర్, కిట్టీగా సుస్మితా ముఖర్జీ ఇద్దరూ నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా విద్యార్థులు. నల్ల కళ్లద్దాలు, క్యారెట్, ప్రతి భాగంలోనూ 'షటప్ కిట్టీ'. తెలుగిళ్లలో హిందీ అంతంతమాత్రమే అయినా ఆ రెండు మాటలు పిల్లల నోళ్లలో పడ్డాయి. కిట్టీని తెలివితక్కువదని అందరూ నవ్వారు గానీ, కథ అర్థమయ్యేది ఆమె ప్రశ్నల వల్లే.

ఇక్కడ కాసేపు ఆగి ఇంకో రచన గురించి చెప్పాలి. అది సీరియల్ కాదు, దానిలో డిటెక్టివ్ కూడా లేడు. 1954లో అమెరికాలో సీబీఎస్ 'స్టూడియో వన్'లో రెజినాల్డ్ రోజ్ రాసిన 'ట్వెల్వ్ యాంగ్రీ మెన్' ప్రత్యక్ష ప్రసార నాటకంగా వచ్చింది. తొలినాటి టీవీ ఇచ్చిన గొప్ప నేర కథ అదే అంటాను. దాన్ని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో చదివిన రంజిత్ కపూర్ హిందీలోకి తెచ్చాడు, 1986లో బాసు చటర్జీ 'ఏక్ రుకా హువా ఫైస్లా'గా తీశాడు. ఒక గది, పన్నెండుమంది, ఒక హత్య కేసు. బయటకు వెళ్లేది లేదు, హత్య చూపించేది లేదు. కత్తి ఎలా పట్టుకుంటారు, ముసలాయన ఎన్ని క్షణాల్లో తలుపు దాకా నడవగలడు అని మాటల్లోనే తవ్వుతారు. కళ్లు మూసుకుని విన్నా కథ ఒక్క ముక్క పోదు. అందులో మొదట అనుమానం వ్యక్తం చేసే జ్యూరీ సభ్యుడు కె.కె.రైనా, చివరిదాకా మొండికేసేవాడు పంకజ్ కపూర్. పంకజ్ కపూర్ అప్పటికే కరమ్‌చంద్. రైనా ఏడేళ్లకు బ్యోమకేశ్ మిత్రుడు అజిత్ అయ్యాడు.

ఆ రోజుల్లోనే 'సత్యజిత్ రాయ్ ప్రెజెంట్స్'లో రాయ్ కుమారుడు సందీప్ రాయ్ డిటెక్టివ్ ఫెలూదాను హిందీకి తెచ్చాడు. శశి కపూర్ ఆ పాత్ర వేశాడు. మంచి నటుడే అయినా, బెంగాలీలో సౌమిత్ర చటర్జీని చూసినవాళ్లకు అది ఆనలేదు. నాకూ ఆనలేదు.

1993లో 'బ్యోమకేశ్ బక్షీ' వచ్చింది, దర్శకుడు మళ్లీ బాసు చటర్జీయే. శరదిందు బందోపాధ్యాయ 1932లో రాయడం మొదలుపెట్టిన కథలవి. బ్యోమకేశ్‌గా రజిత్ కపూర్ ఎక్కడా హడావిడి పడడు. వింటాడు. ఎదుటివాడు అబద్ధం చెబుతున్నప్పుడు ఇంకా శ్రద్ధగా వింటాడు. అజిత్‌తో టీ తాగుతూ కేసును మాటలుగా విప్పుతాడు. భారతీయ తెర మీద వచ్చిన డిటెక్టివ్ కథల్లో దీనికి సాటి ఇప్పటికీ రాలేదని నా నిశ్చితాభిప్రాయం. 2020 లాక్‌డౌన్‌లో దూరదర్శన్ దాన్ని మళ్లీ వేసినప్పుడు, అది మొదట వచ్చేనాటికి పుట్టని పిల్లలు కూడా కదలకుండా చూశారు. తర్వాత వచ్చిన 'తహకీకాత్'లో విజయ్ ఆనంద్ పక్కన గోపీగా సౌరభ్ శుక్లా అదే సంప్రదాయాన్ని నిలబెట్టాడు.

ఈ వంశంలో చివరిగా గుర్తుంచుకోదగ్గది 2002లో మొదలైన 'జాసూస్ విజయ్'. బీబీసీ వరల్డ్ సర్వీస్ ట్రస్ట్, దూరదర్శన్, జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కలిసి చేసిన సీరియల్ అది. డిటెక్టివ్‌గా ఆదిల్ హుస్సేన్, కథ చెప్పే పెద్దమనిషిగా ఓంపురి. ఇద్దరూ ఆ భగవాన్‌దాస్ రోడ్డు బడిలో చదివినవాళ్లే. హెచ్ఐవీ గురించి నోరెత్తడానికి ఊళ్లు భయపడే రోజుల్లో, హంతకుడెవరనే కుతూహలంతో జనాన్ని కూర్చోబెట్టి ఆ మాట చెప్పారు. డిటెక్టివ్ కథ కాలక్షేపానికే అనేవాళ్లకు దీన్ని చూపిస్తే చాలు.

నన్ను బాధించేది ఒకటుంది. ఈ ప్రక్రియ తొలి పుటలు ఎక్కువగా గాల్లో కలిసిపోయాయి. 1937లో బీబీసీ టీవీ అగాథా క్రిస్టీ పోయిరో నాటకం వేసింది, రికార్డు లేదు. 1951లో అదే బీబీసీ వేసిన షెర్లాక్ హోమ్స్ సీరియల్ కూడా మిగల్లేదు. సీబీఎస్ 'ట్వెల్వ్ యాంగ్రీ మెన్' పూర్తి కాపీ 2003లో గానీ దొరకలేదు. మన పరిస్థితి ఇంకా కష్టం. నేరుగా ప్రసారమైనవి ఎన్నో టేపుకే ఎక్కలేదు. ఎక్కినవాటికైనా ఎంత విలువో మనకు తెలుసు. చిలకమర్తి 'గణపతి' రేడియో నాటకం రికార్డు మిగిలింది కాబట్టే నండూరి సుబ్బారావు గొంతు ఇవాళ్టి పిల్లలకూ తెలుస్తోంది.

టేపు పోయినంత మాత్రాన నాటకం పోనక్కర్లేదు. రేడియో నాటకం ముందు కాగితం మీద పుడుతుంది. టేపులు మిగలని పాల్ టెంపుల్ నాటకాలను 2006 నుంచి బీబీసీ పాత స్క్రిప్టులతోనే మళ్లీ చేసింది. పాతకాలపు మైకులు, పాతకాలపు శబ్దాలు వాడింది, శ్రోతలు ఆదరించారు. ఆకాశవాణి ఢిల్లీ, విజయవాడ, హైదరాబాద్ కేంద్రాలు తమ స్క్రిప్టుల బీరువాలు తెరిపించి, అపరాధ పరిశోధన నాటకాలను ఏరి, ఇప్పటి నటులతో మళ్లీ చేయించాలి. మండీహౌస్ చుట్టుపక్కల నటులకు కొదవ లేదు, తెలుగునాట గొంతులకూ కొదవ లేదు. మీ ఇంటి అటక మీద రేడియో నాటకం రికార్డు చేసిన పాత క్యాసెట్ ఏదైనా ఉంటే పారేయకండి. బూజు పట్టకముందే డిజిటల్ చేయించి, ఒక కాపీ మీ దగ్గరి ఆకాశవాణి కేంద్రానికి ఇవ్వండి.